మాట వినని షిట్జుకు శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో తరచుగా కనిపించే చిన్న కుక్కల్లో షిట్జు ఒకటి. నాలుగు నుంచి ఏడు కిలోల బరువు, పొడవాటి జుట్టు, నొక్కినట్టుండే ముక్కు, పెద్ద కళ్లు చూసి ముచ్చటపడి తెచ్చుకున్నవారు రెండు మూడు నెలలు తిరిగేసరికి దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. లాసా ఆప్సో, పగ్, పెకినీస్ పెంచేవారికి కూడా వీటిలో చాలావరకు పనికివస్తాయి.

షిట్జు నిజంగానే మొండి జాతా, లేక దానికి తెలివి తక్కువా?

తెలివికి లోటేమీ లేదు. ఫ్రిజ్ తలుపు చప్పుడుకూ బీరువా తలుపు చప్పుడుకూ తేడా తెలిసిన కుక్క, భోజనాల వేళ ఇంట్లో ఎవరి కాళ్ల దగ్గర కూర్చుంటే చపాతీ ముక్క రాలుతుందో వచ్చిన వారానికే కనిపెట్టేసిన కుక్క మందబుద్ధిది అయ్యే అవకాశం లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ కోరెన్ 1994లో వెలువరించిన జాబితాలో షిట్జుకు 79 స్థానాల్లో 70వది దక్కిన మాట నిజమే, దాన్ని చూసి నిరాశపడేవారూ ఉన్నారు. అయితే ఆ వరుస ప్రధానంగా కొలిచింది, మనిషి చెప్పిన పనిని కుక్క ఎన్నిసార్లు చూపిస్తే నేర్చుకుంటుంది, మొదటిసారి చెప్పగానే ఎంత తరచుగా చేస్తుంది అన్న రెండు విషయాలనే. మొదటి స్థానంలో నిలిచిన బోర్డర్ కోలీ కాపరి ఈలను బట్టి గొర్రెల మందను మళ్లించడానికి తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చిన జాతి. టిబెట్ మూలాలుండి చైనా రాజప్రాసాదాల్లో పెరిగిన షిట్జుకు మాత్రం మనిషి ఒళ్లో కూర్చోవడం, మనిషి వెంట తిరగడం తప్ప ఎవరూ ఏ పనీ అప్పగించలేదు.

కాబట్టి చెప్పిన మాట వినడమే ఆనందంగా భావించే స్వభావం దీనికి పుట్టుకతో రాదు. వింటే తనకేమిటన్న లెక్క అది ప్రతిసారీ వేసుకుంటుంది. ఆ లెక్కలో లాభం కనిపించినప్పుడు చక్కగా నేర్చుకుంటుంది. ఇంట్లో ఒకరు వద్దన్న పనిని మరొకరు ముద్దుగా సాగనిస్తుంటే, ఎవరి మాటా వినకపోవడమే లాభమని అంతే చక్కగా నేర్చుకుంటుంది. మొండితనమని మనం ఫిర్యాదు చేసేదానిలో సగానికి పైగా ఇంటివాళ్ల నిలకడలేనితనమేనని నా నిశ్చితాభిప్రాయం.

శిక్షణ ఏ వయసులో మొదలుపెట్టాలి?

పిల్ల ఇంటికి వచ్చిన రోజునే మొదలుపెట్టాలి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలను అమ్మడాన్ని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనలు నిషేధించాయి. అంతకంటే ముందే తల్లినుంచి, తోటి పిల్లలనుంచి వేరుచేసిన కుక్కకు పంటి పట్టును ఎక్కడ సడలించాలో నేర్పేవారు ఉండరు కనుక, అమ్మేవారు ఎంత తొందరపెట్టినా ఆగడం మంచిది.

కుక్కపిల్ల కొత్త మనుషులను, చప్పుళ్లను, చోట్లను భయం లేకుండా స్వీకరించే కాలం సుమారు మూడో వారంనుంచి పద్నాలుగో వారం వరకు ఉంటుంది. టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీయవద్దన్న సలహా ఈ కాలాన్నే మింగేస్తుంది. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ ప్రమాదం నిజమైనదే కాబట్టి వీధికుక్కలు తిరిగే నేలమీద దించకూడదు. అయితే చేతుల్లో ఎత్తుకునో, సంచిలో కూర్చోబెట్టుకునో కూరగాయల బండి దాకా, ఆటో స్టాండు దాకా తీసుకువెళ్లి చూపించడానికి అడ్డేమీ లేదు. ఇంట్లో కుక్కర్ విజిల్, మిక్సీ మోత, పూజగంట, తడిగుడ్డ పెట్టే కర్ర, చేతికర్ర పట్టుకుని నడిచే తాతగారు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, ఇవన్నీ ఈ వయసులోనే దానికి మామూలు సంగతులైపోవాలి. చప్పుడు వినిపించిన ప్రతిసారీ చిన్న రుచికరమైన ముక్క నోటికి అందిస్తే పని సులువవుతుంది.

ఏ భాషలో చెప్పాలి? ట్రైనర్ ఇంగ్లీషులో, మేము తెలుగులో, పనిమనిషి హిందీలో మాట్లాడుతున్నాము.

కుక్కకు ఏ భాషయినా ఒకటే, ఒక పనికి ఒక మాట ఉంటే చాలు. నాన్న "సిట్" అని, అమ్మ "కూర్చో అమ్మా, బంగారు తల్లి కదూ" అని, పిల్లలు "కూచో కూచో కూచో" అని అరిస్తే అవి కుక్క చెవికి మూడు వేర్వేరు శబ్దాలు. ఒక కాగితం మీద ఆరేడు మాటలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, ఇంట్లో అందరూ వాటినే వాడండి. మాట ఒక్కసారే చెప్పి, రెండు మూడు సెకన్లు ఆగి, చేతి సైగ చూపాలి. పదిసార్లు చెప్పించుకుని పదకొండోసారి కూర్చునే కుక్కకు అసలు ఆజ్ఞ ఆ పదకొండోదే అయిపోతుంది. పెద్దవయసులో కొన్ని కుక్కలకు చూపుగానీ వినికిడిగానీ తగ్గుతుంది కాబట్టి మాటను, సైగను రెండింటినీ నేర్పి ఉంచుకోవడం మేలు.

ఐదు నెలలు వచ్చినా ఇల్లంతా పాడు చేస్తోంది. ఒకటీ రెండూ ఒకేచోట వెళ్లడం నేర్పేదెలా?

ఈ జాతి యజమానులను అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది ఇదే. చాలా షిట్జులకు పూర్తి నమ్మకం కుదరడానికి ఎనిమిది నెలలు, ఏడాది కూడా పడుతుంది. మూత్రాశయం చిన్నది, ఇల్లు దాని కొలతకు చాలా పెద్దది, వదిలిన చుక్క చిన్నది కావడంతో మనం ఆలస్యంగా చూస్తాము, ఈలోపు అక్కడ వాసన స్థిరపడుతుంది.

మొదట చోటు నిర్ణయించండి. బాల్కనీయా, గిన్నెలు కడిగే వాష్ ఏరియానా, కింద ఉన్న మట్టి నేలనా అన్నది మీ వీలును బట్టి ఉంటుంది, కానీ మధ్యలో మార్చకూడదు. ఇల్లంతా తిరగనివ్వకుండా ఒక గదికో, పిల్లల కంచె కట్టిన మూలకో పరిమితం చేసి, దాని పడక, నీళ్లగిన్నె అక్కడే ఉంచండి. తాను పడుకునే చోటు తడవడం కుక్కకు ఇష్టం ఉండదు, ఆ అయిష్టమే మనకు ఆధారం. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ముగియగానే, రాత్రి పడుకోబోయే ముందు తప్పనిసరిగా ఆ చోటికి తీసుకువెళ్లాలి. మధ్యలో ఎంతసేపు ఆగగలదన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. నెలల్లో దాని వయసుకు ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు గరిష్ఠ పరిమితి, అంటే మూడు నెలల పిల్లకు నాలుగు గంటలు. పగలు మేలుకుని ఆడుకునేటప్పుడు అందులో సగం కూడా ఆగలేదు.

అక్కడికి తీసుకువెళ్లాక కబుర్లు చెప్పకుండా, ఆడించకుండా నిలబడండి. నేలను వాసన చూస్తూ గుండ్రంగా తిరిగి, వెనుక కాళ్లు వంచి, పని పూర్తిచేసి నిలబడిన ఆ క్షణంలోనే ముక్క నోటికి అందాలి. లోపలికి వచ్చి డబ్బా మూత తీసి ఇస్తే, అది లోపలికి వచ్చినందుకు ఇచ్చిన బహుమతి అవుతుంది. ఈ రెండు మూడు సెకన్ల తేడా వల్లనే చాలా ఇళ్లలో నెలల తరబడి శ్రమ వృథా అవుతోంది. అందుచేత ముక్కల డబ్బా బాల్కనీ కిటికీ మీదే ఉండాలి, ఫ్రిజ్‌లో కాదు.

తప్పుచోట వెళుతుండగా చూస్తే చప్పట్లు కొట్టి ఆపి, ఎత్తుకుని సరైన చోటికి చేర్చండి. వెళ్లిపోయిన తరువాత చూస్తే శుభ్రం చేసుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు. ముక్కును ఆ తడిలో రుద్దే పాత పద్ధతి వల్ల కుక్క నేర్చుకునేది ఒకటే, మనిషి చూస్తుండగా మూత్రం పోయకూడదని. ఇక అది మంచం కింద, సోఫా వెనుక చోటు వెతుక్కుంటుంది, బయటికి తీసుకువెళ్లినా మీ ముందు వెళ్లదు. నేలను ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకు వాసన పోతుందేగాని దాని ముక్కుకు పోదు. అమోనియా ఉన్న ద్రావణాలయితే మూత్రం వాసనను తలపించి మళ్లీ అక్కడికే పిలుస్తాయి. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడండి.

వానాకాలంలో బయటికి వెళ్లనని గుమ్మంలోనే మొరాయిస్తోంది.

పాదాలు, పొట్ట కింది జుట్టు తడవడం వీటికి సహించదు. అందుకే ఒకటి బయట, ఒకటి లోపల రెండు చోట్లు మొదటినుంచీ అలవాటు చేయడం మన వాతావరణానికి నప్పే పద్ధతి. అరికాళ్ల మధ్య, పొట్ట కింద జుట్టు కత్తిరించి ఉంచితే మొరాయింపు కొంత తగ్గుతుంది.

రెండేళ్లుగా శుభ్రంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో వెళ్లడం మొదలుపెట్టింది. అలిగిందా?

అలక అనుకోకముందు పశువైద్యుడికి చూపించండి. మూత్రాశయంలో రాళ్లు ఏర్పడే ధోరణి ఈ జాతిలో ఉంది, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు కూడా రావచ్చు. మాటిమాటికీ కూర్చుని చుక్కలు చుక్కలుగా పోయడం, మూత్రంలో ఎరుపు, పోస్తూ మూలగడం శిక్షణతో పోయేవి కావు. మగ కుక్క అసలు మూత్రం పోయలేక ముక్కుతుంటే తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

బహుమతిగా ఏమి పెట్టాలి? ఎంత పెట్టాలి?

ఐదు కిలోల కుక్కకు రోజుకు సుమారు 350 నుంచి 400 కేలరీలు సరిపోతాయి. అందులో పదో వంతుకు మించి బహుమతుల రూపంలో వెళ్లకూడదు. టీతో పాటు మనం తినే చిన్న బిస్కెట్ ఒక్కటే ఇరవై కేలరీలకు అటూ ఇటూగా ఉంటుంది, అంటే రెండు బిస్కెట్లతో ఆ రోజు వాటా తీరిపోయినట్టే. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు తెల్లసొన, ఉడికించిన క్యారెట్, పనీర్, వీటిని పెసరగింజంత ముక్కలు చేసి పెట్టుకుంటే ఇరవై సార్లు ఇచ్చినా భయం లేదు. ముక్క పరిమాణం కాదు, అందే వేగం ముఖ్యం. పొట్ట నిండిన షిట్జు చికెన్‌ను కూడా వాసన చూసి వదిలేస్తుంది కనుక పాఠం భోజనానికి ముందు పెట్టుకోండి. అయితే మూడు నాలుగు నెలల లోపు చిన్న పిల్లలను ఆకలితో ఉంచకూడదు, వాటికి రక్తంలో చక్కెర ఇట్టే పడిపోతుంది.

ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ అనే తీపిపదార్థం కలిసిన చక్కెర లేని మిఠాయిలు కుక్కలకు విషం. పాయసంలోని కిస్మిస్, కూరలోని ఉల్లి ముక్కల సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. బిర్యానీలోని ఎముకలు ఉడికి పెళుసెక్కి చీలికలవుతాయి, అవీ వద్దు.

చేతిలో ముక్క కనిపిస్తేనే వింటోంది, లేకపోతే మొహం తిప్పుకుంటోంది.

ముక్క చూపించి పని చేయించుకోవడం లంచం, పని చేశాక ముక్క తీసి ఇవ్వడం జీతం. మొదటి కొద్ది రోజులు ముక్కతో చేతిని నడిపించి చూపించినా, ఆ తరువాత ఖాళీ చేత్తో అదే సైగ చేయాలి, కుక్క పని పూర్తిచేశాక జేబులోంచో, వెనుక బల్ల మీదనుంచో ముక్క తీయాలి. పని బాగా కుదిరాక ప్రతిసారీ కాకుండా ఒకసారి ఇచ్చి, రెండుసార్లు మెచ్చుకుని, మళ్లీ ఇచ్చి, ఎప్పుడు వస్తుందో తెలియనట్టు చేస్తే కుక్క పట్టుదలగా చేస్తుంది. తిండి ఒక్కటే బహుమతి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. తలుపు తెరవడం, సోఫా మీదికి ఎక్కనివ్వడం, బయటికి బయలుదేరడం, ఇవన్నీ దానికి కావలసినవే. వాటిలో ప్రతి ఒక్కదానికి ముందు ఒక క్షణం "కూర్చో" అడిగితే ఖర్చు లేకుండా రోజుకు పది పాఠాలు జరిగిపోతాయి.

ఇక పాఠం నిడివి: మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. అరగంట పాఠం షిట్జుకు సరిపడదు, ఏడో నిమిషంలోనే పక్కకు వెళ్లి పడుకుంటుంది.

పిలిస్తే రాదు. పైగా దూరంగా నిలబడి చూస్తుంది.

పిలిచినప్పుడు ఏమేమి జరిగిందో దానికి జ్ఞాపకం ఉంది. స్నానానికి, మందు పోయడానికి, గోళ్లు తీయడానికి, తిట్టడానికి, ఆడుకుంటుంటే ఇంట్లోకి లాక్కెళ్లడానికి "రా" అని పిలిచిన ఇంట్లో ఆ మాట చెడిపోయి ఉంటుంది. చెడిన మాటను బాగుచేయడం కంటే కొత్త మాట ఎంచుకోవడం తేలిక. హాలులో రెండడుగుల దూరంనుంచి కొత్త మాటతో పిలిచి, రాగానే అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇచ్చి, వెంటనే వదిలేయండి. వదిలేయడమే ఇందులో కీలకం, వచ్చినంత మాత్రాన ఆట ఆగదని దానికి నమ్మకం కలగాలి. దూరం మెల్లగా పెంచండి. ఇష్టం లేని పనులకు పిలవకుండా మీరే వెళ్లి ఎత్తుకోండి. ఎంత నేర్చినా, వాహనాలు తిరిగే వీధిలో తాడు లేకుండా వదలవద్దు.

నడకలో మధ్యలో కూర్చుండిపోతుంది. లాగితే ఒరుసుకుంటూ వస్తుందేగాని లేవదు.

లాగకండి. పొట్టి ముక్కు జాతుల్లో మెడమీద పడే ఒత్తిడి శ్వాసకు అడ్డుపడుతుంది, కళ్లు బయటికి పొడుచుకువచ్చినట్టుండే వీటికి మెడ బిగిస్తే కంటికీ ప్రమాదమే. మెడపట్టీని పేరు బిళ్లకు మాత్రమే ఉంచి, తాడును ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కు కట్టాలి.

తరువాత కారణం చూడండి. మన ప్రాంతంలో మొదటి అనుమానం వేడి మీదే. మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. ఏప్రిల్, మే నెలల్లో సూర్యోదయానికి ముందు, రాత్రి తొమ్మిది దాటాక తప్ప నడక వద్దు. పొట్టి ముక్కు కుక్క రొప్పడం ద్వారా తన వేడిని మిగతా కుక్కలంత సమర్థంగా వదిలించుకోలేదు. రొప్పు గురకలా మారడం, నాలుక ముదురు ఎరుపుకో నీలానికో తిరగడం, తూలడం కనిపిస్తే నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చేసి, ఆసుపత్రికి బయలుదేరాలి. రెండో అనుమానం మోకాలి చిప్ప. నాలుగడుగులు వేసి వెనుక కాలు ఎత్తి కుంటి, మళ్లీ మామూలుగా నడిచే చిన్న కుక్కకు చిప్ప జారుతుండవచ్చు, దాన్ని వైద్యుడే తేల్చాలి.

ఈ రెండూ కాకపోతే అది బేరమాడుతోందన్నమాట. కూర్చోగానే మీరు ఎత్తుకున్నది ఒక్కసారే అయినా దానికి చాలు. తాడు వదులుగా పట్టుకుని, దాని వైపు చూడకుండా, పక్కకు తిరిగి నిలబడండి. ఒకటి రెండు నిమిషాలకు అది లేచి ఒక అడుగు వేస్తుంది, ఆ అడుగుకు మెచ్చుకుని ముక్క ఇచ్చి కదలండి. దారిన పోయేవారు నవ్వితే నవ్వనివ్వండి.

కాలింగ్ బెల్ మోగితే చాలు, ఇల్లెగిరిపోయేలా మొరుగుతోంది.

పాలవాడు, పేపరువాడు, కొరియర్, సరుకుల డెలివరీ, ప్రతిసారీ ఇది మొరుగుతుంది, వాళ్లు వెళ్లిపోతారు. తన మొరుగుడు వల్లనే వెళ్లిపోయారని దాని నమ్మకం, దాని దృష్టిలో అది అబద్ధమూ కాదు. మనం గట్టిగా అరిస్తే తోడుగా మొరుగుతున్నామనుకుంటుంది.

బెల్ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, వినీ వినిపించనంత మెల్లగా మోగించి, అది మొరగకముందే దాని చాప మీద నాలుగైదు ముక్కలు చల్లండి. రోజుకు పది పన్నెండు సార్లు ఇలా చేస్తూ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పెంచితే, కొన్ని వారాల్లో బెల్ మోగగానే తలుపు వైపు కాకుండా చాప వైపు పరుగెత్తడం చూస్తారు. మొరగడం పూర్తిగా మానదు. రెండుసార్లు మొరిగి చాప మీదికి వెళితే చాలనుకోవాలి.

దువ్వెన చూస్తే మంచం కింద దూరుతుంది, గోళ్లు తీయబోతే కరుస్తుంది.

"కూర్చో" కంటే ముందు నేర్పవలసిన పాఠం ఇదని నేను భావిస్తాను. జుట్టు ఎడతెగకుండా పెరిగే ఈ కుక్కకు రోజూ దువ్వెన, నెలకోసారైనా కత్తెర, రోజూ కంటి మూలలు తుడవడం జీవితాంతం తప్పవు. ఆ పనులకు ఒప్పుకోని షిట్జును చివరికి మత్తుమందు ఇచ్చి గొరిగించవలసి వస్తుంది.

మొదటి రోజు దువ్వెన నేలమీద పెట్టి, దాన్ని వాసన చూసినందుకు ముక్క ఇవ్వండి. మరునాడు దువ్వెన వెనుక భాగంతో భుజాన్ని ఒక్కసారి తాకి ముక్క ఇవ్వండి. ఆ పైన ఒకే ఒక్క దువ్వు. ఈ క్రమంలో దాని ముఖం చూస్తూ ఉండాలి. పెదవి నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ "ఇక చాలు" అన్న మాటలే. అక్కడ ఆపితే రేపు మళ్లీ వస్తుంది, ఇంకొక్కటి అంటూ సాగదీస్తే రేపు మంచం కిందే. చెవుల వెనుక, చంకల్లో, హార్నెస్ ఒరుసుకునే చోట జుట్టు ఉండలు కడుతుంది. ఉండను కింద చర్మం దగ్గర వేళ్లతో పట్టుకుని, కొసనుంచి మొదలుకు కొంచెం కొంచెంగా విడదీస్తే నొప్పి కలగదు. పది పన్నెండు నెలల వయసులో పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వచ్చేటప్పుడు ఉండలు మరీ ఎక్కువవుతాయి, అప్పటిదాకా ఒప్పుకున్న కుక్క కూడా అప్పుడు ఎదురుతిరగవచ్చు. పోటీలకు పంపే ఉద్దేశం లేనప్పుడు మన ఎండలకు జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంచడమే మంచిది. గోళ్లయితే రోజుకు ఒక్కటి తీసినా నష్టం లేదు.

చేతులూ చీరకొంగులూ కొరికేస్తోంది.

నాలుగో నెలనుంచి ఏడో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి కాబట్టి కొరకడం సహజం. చల్లబరిచిన క్యారెట్, తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన నూలుగుడ్డ ఇవ్వండి. చేతిని బొమ్మగా చేసి ఆడించడం ఇంట్లో అందరూ మానాలి. పన్ను తగలగానే ఆట ఆపి లేచి వెళ్లిపోతే, పట్టు సడలించడం రెండు మూడు వారాల్లో నేర్చుకుంటుంది.

సోఫా దిగమంటే, గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమంటోంది. యజమాని ఎవరో చూపించాలి అంటున్నారు.

కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపట్టాలన్న సలహా ఎవరిచ్చినా పాటించవద్దు. దాని వెనుక ఉన్నది 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బందీగా ఉంచిన తోడేళ్లను గమనించి చేసిన వర్ణన. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లు ఇరుకుచోట కొట్లాడుకోవడం చూసి, గుంపులన్నీ పెత్తనం కోసం పోరాటం మీదే నడుస్తాయని తరువాతివారు అనుకున్నారు. అడవి తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లిదండ్రులూ పిల్లలూ కలిసిన కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో వివరించారు. ఆరు కిలోల షిట్జు మీ ఇంటి పెత్తనానికి ప్రయత్నించడం లేదు, మెత్తటి చోటు పోతుందని భయపడుతోంది.

గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని శిక్షిస్తే హెచ్చరిక మానేసి నేరుగా కరుస్తుంది. గిన్నె దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ తీసుకోవడానికి కాకుండా, ఉన్న తిండి కంటే మంచి ముక్క వేయడానికి వెళ్లండి. సోఫా నుంచి ఎత్తి పడేయకుండా, కింద ముక్క వేసి "దిగు" అన్న మాట నేర్పండి. చిన్న పిల్లలున్న ఇంట్లో అది తినేటప్పుడు వారిని దగ్గరికి పోనివ్వకూడదు. ఇప్పటికే చర్మం తెగేలా కరిచి ఉంటే, గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, కుక్కకు టీకా వేసి ఉన్నా సరే డాక్టర్‌ను కలవాలి, ఆ తరువాత కుక్క ప్రవర్తన తెలిసిన నిపుణులకు చూపించాలి.

ఒక దెబ్బ వేస్తే తప్పేమిటి?

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కుక్కను కొట్టి బాధపెట్టడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, దెబ్బతో ఏ పనీ నేర్పలేము, చేతిని చూసి భయపడడం మాత్రమే నేర్పుతాము, రేపు కంట్లో మందు వేయవలసింది ఆ చేతితోనే.

అత్తగారు కంచంలోంచి తీసి పెడుతుంటారు. ఎంత చెప్పినా వినరు.

ఇది కుక్క శిక్షణ కాదు, మరింత సున్నితమైన పని. పెద్దవారు ప్రేమతో పెట్టేదాన్ని పూర్తిగా ఆపబోతే చాటుగా పెట్టడం మొదలవుతుంది. దానికంటే వారినే శిక్షణలో భాగం చేయడం మేలు. ఉదయాన్నే ఆ రోజు వాటా ముక్కలు ఒక చిన్న డబ్బాలో వేసి ఆవిడ చేతికి ఇచ్చి, "అత్తయ్యా, మీరు కూర్చోమంటేనే వింటుంది, మీరే నేర్పండి" అనండి. భోజనాల వేళ కుక్క చాప గుమ్మం అవతల ఉండాలి, చాప మీద ఉన్నంతసేపూ మధ్య మధ్య ఒక ముక్క అక్కడికే వెళ్లాలి. బల్ల దగ్గర ఏమీ దొరకదని, చాప దగ్గర దొరుకుతుందని తెలిస్తే అది అక్కడే పడుకుంటుంది. పెరుగన్నం ఒక ముద్ద ఎప్పుడైనా పెట్టాలనిపిస్తే దాని గిన్నెలో, దాని భోజనం వేళకే పెట్టవచ్చు.

ఆఫీసుకు వెళితే రోజంతా ఏడుస్తోందని పక్కింటివారు అంటున్నారు.

మనిషి వెంట ఉండడానికే పెంచిన జాతి కనుక ఒంటరితనం దీనికి చాలా కష్టం. తాళంచెవులు తీసుకుని మళ్లీ పెట్టేయడం, తలుపు దాటి అర నిమిషం ఉండి రావడం, తరువాత రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు, ఇలా ఏడుపు మొదలుకాకముందే తిరిగి వచ్చేంత మెల్లగా పెంచాలి. వెళ్లేటప్పుడు వీడ్కోళ్లు, వచ్చాక హడావిడి రెండూ వద్దు. రోజూ తొమ్మిది పది గంటలు ఇల్లు ఖాళీగా ఉండే కుటుంబానికి నేను షిట్జును సిఫారసు చేయను.

తన మలం తానే తింటోంది.

చిన్న పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. నులిపురుగుల మందు వేయించి, వెళ్లిన వెంటనే శుభ్రం చేస్తూ, "వదిలెయ్" అన్న మాట నేర్పితే చాలావరకు తగ్గుతుంది. మిరియాల పొడి చల్లే చిట్కాలతో ప్రయోజనం తక్కువ.

దీపావళికి ఏమి చేయాలి?

పండగకు నెలా నెలన్నర ముందే టపాసుల శబ్దాన్ని ఫోన్‌లో మెల్లగా వినిపిస్తూ భోజనం పెట్టడం మొదలుపెట్టాలి. ఆ రోజు చీకటి పడకముందే నడిపించి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి తోడుండండి. వణుకుతుంటే దగ్గరికి తీసుకోవడం వల్ల భయం పెరగదు, నిస్సంకోచంగా ఒళ్లోకి తీసుకోండి. విపరీతంగా భయపడే కుక్కకు మందు అవసరమేమో వారం ముందే వైద్యుడిని అడగాలి, మనుషుల మాత్రలు వేయకూడదు.

ట్రైనర్‌ను పెట్టుకోవాలా, పది రోజులు వాళ్ల దగ్గరే వదిలే శిబిరానికి పంపాలా?

ఇంటికి వచ్చి మీకు నేర్పే ట్రైనర్ మేలు. శిబిరంలో అపరిచితుడి మాట విన్న కుక్క మీ హాలులో వింటుందన్న భరోసా లేదు, ఎందుకంటే మారవలసిన అలవాట్లలో సగం మీ హాలులో ఉన్నవారివి. కుదుర్చుకునే ముందు, కుక్క తప్పు చేస్తే ఏమి చేస్తారని అడగండి. బిగుసుకునే గొలుసు, ముళ్లపట్టీ, షాక్ పట్టీ అన్న సమాధానం వస్తే అక్కడితో ఆపేయండి. పాఠం జరుగుతుండగా మిమ్మల్ని చూడనివ్వని చోటికి ఎంత పేరున్నా పంపవద్దు.

లిఫ్ట్‌లో తీసుకురావద్దని అసోసియేషన్ వారు అంటున్నారు.

పెంపుడు కుక్కలను నిషేధించే, లిఫ్ట్ వాడనివ్వని తీర్మానాలు చేసే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో జారీ చేసిన మార్గదర్శకాల్లో చెప్పింది. మున్సిపల్ లైసెన్సు, రేబిస్ టీకా పత్రం దగ్గర ఉంచుకుంటే మాట్లాడడం సులువవుతుంది. అయినా కాగితం కంటే కుక్క ప్రవర్తనే ఎక్కువ పని చేస్తుంది. రద్దీ లేని వేళ లిఫ్ట్‌ను ఊరికే పైకీ కిందికీ తిప్పుతూ, తలుపు తెరుచుకోగానే వెనుక మూలకు వెళ్లి మీ కాళ్ల పక్కన కూర్చోవడం అలవాటు చేయండి. లోపల ఎవరైనా బెదురుతున్నట్టు కనిపిస్తే, "మీరు వెళ్లండి, మేము తరువాత వస్తాము" అని ఆగండి, తలుపు మూసుకునేదాకా కూర్చుని ఉన్నందుకు దానికి ఒక ముక్క ఇవ్వండి.